‘ద’ ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి

మా చదువుల రోజుల్లో ఇంగ్లీషు పరీక్ష అంటే తరగతి అంతా వణికేది కానీ, ప్రశ్నపత్రంలో ఒక్క ప్రశ్న కనబడితే మాత్రం అందరి ముఖాలూ విచ్చుకునేవి. ‘కింది జాతీయాలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి’ అన్నదే ఆ ప్రశ్న. పై తరగతుల వాళ్ల నుంచి మాకు వారసత్వంగా సంక్రమించిన ఉపాయం ఒకటి ఉండేది. అర్థం తెలియనక్కరలేదు. ‘మా ఉపాధ్యాయుడు నన్ను ఫలానా జాతీయానికి అర్థం అడిగాడు’ అని ఇంగ్లీషులో రాసేస్తే సరి. వాక్యం సొంతమే, వ్యాకరణం చక్కగానే ఉంది, అడిగిన జాతీయమూ అందులో ఉంది. మార్కులు కోయడానికి దిద్దేవారికి సందు ఏదీ?

ఆ సందు కొత్తగా వచ్చిన మాస్టారికి దొరికింది. మొదటి పరీక్ష పేపర్లు పంచిన రోజున ఆ ప్రశ్నకు తరగతిలో సగం మందికి సున్నాలే. మేం గొడవ చేశాం. ఆయన అరవలేదు. ఒకడి పేపరు తీసుకుని, జాతీయం రాసిన చోట బొటనవేలు అడ్డం పెట్టి, పక్క బెంచీ వాడికి చూపించారు. ‘‘నా వేలి కింద ఏముందో చెప్పు’’ అన్నారు. వాడు బిక్కముఖం వేశాడు. ‘‘చూశారా! మిగిలిన వాక్యం చదివితే వేలి కింద ఏముందో తెలిసిపోవాలి. తెలియలేదంటే మీరు జాతీయాన్ని ప్రయోగించలేదు, కాగితం మీద పెట్టి వచ్చారు’’ అన్నారు.

అప్పటి నుంచి అదొక ఆట అయిపోయింది. ఒకరు వాక్యం రాయాలి, జాతీయం మీద వేలు పెట్టాలి, ఇంకొకరు కనిపెట్టాలి. ఆటలో గెలిచిన వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ‘మా బాబాయి పన్ను పీకించుకోవడం నెలల తరబడి వాయిదా వేసి, చివరికి ఇవాళ వేలు, దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్నాడు.’ వేలి కింద ఉన్నది ‘బైట్ ద బుల్లెట్’. తప్పించుకోలేని కష్టాన్ని పళ్లబిగువున భరించడానికి సిద్ధపడటం. ఇంకొక వాక్యం: ‘పుట్టినరోజు సంగతి అక్కకు తెలియకుండా అందరం నెలపాటు దాచాం, తమ్ముడు ఒక్క నిమిషంలో వేలు.’ ఇక్కడ ‘స్పిల్ ద బీన్స్’. అర్థాల పట్టిక బట్టీ పట్టినవాళ్లు ఈ ఆటలో ఓడిపోయేవారు. సందర్భం ఊహించగలిగినవాళ్లు గెలిచేవారు. జాతీయానికి అర్థం దానిలోని మాటల్లో ఉండదని, దాన్ని ఎవరు ఎప్పుడు అంటారన్న దానిలో ఉంటుందని ఆయన పదేపదే చెప్పేవారు. ఆ మాట గుర్తుంచుకోండి, చివర్లో దానితో నాకు పని ఉంది.

మాస్టారికి అసలు మోజు జాతీయాల కంటే జంటల మీద ఉండేది. చూడటానికి ఒకేలా ఉండి, అర్థంలో తూర్పు పడమరలుగా ఉండే జంటలు. వాటిలోనూ ‘ద’ అనే చిటికెడు మాట ఉండటం, లేకపోవడం వల్ల తలకిందులయ్యేవి ఆయనకు మరీ ఇష్టం. నల్లబల్ల మీద ‘బిహైండ్ టైమ్’ అని రాసి, దాని కింద ‘బిహైండ్ ద టైమ్స్’ అని రాసేవారు. మొదటిది ఆలస్యం కావడం. రెండోది కాలంతో పాటు నడవకపోవడం, పాతకాలపు మనిషి కావడం. మా వాడొకడు సెలవు తర్వాత రాసిన వ్యాసంలో, ఆ రోజు ప్రధానోపాధ్యాయులు బిహైండ్ ద టైమ్స్ వచ్చారని రాశాడు. ఆయన బడికి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చారని వాడి భావం. మాస్టారు ఆ వాక్యం చదివి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. తర్వాత, ‘‘సత్యమే కానీ నువ్వు అనదలచుకున్నది ఇది కాదు’’ అన్నారు.

‘బై సీ’ అంటే ఓడ మీద ప్రయాణం, ‘బై ద సీ’ అంటే సముద్రపు ఒడ్డున. ‘అవుటాఫ్ ద క్వశ్చన్’ అంటే ససేమిరా కుదరదని. ‘ద’ తీసేసి ‘అవుటాఫ్ క్వశ్చన్’ అంటే పాత పుస్తకాల్లో దానికి సరిగ్గా ఎదురు అర్థం: సందేహం లేకుండా అని. ఈ రెండోదాన్ని ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు. వాడకపోవడమే మంచిది కూడా, ఒక్క అక్షరం మీద అంత భారం వేయడం న్యాయం కాదు. కానీ ఆ రోజుల్లో మాకు అది పరీక్షల్లో వచ్చేది, కాబట్టి నేర్చుకున్నాం.

జంటలన్నిటిలోకీ నాకు నచ్చినది గుండెకు సంబంధించినది. ‘లూజ్ హార్ట్’ అంటే నిరుత్సాహపడటం. అదే ‘లూజ్ వన్స్ హార్ట్’ అయితే ప్రేమలో పడటం. నడుమ ‘తన’ అనే ఒక్క మాటే తేడా. ‘టేక్ హార్ట్’ అంటే ధైర్యం తెచ్చుకోవడం, ‘టేక్ టు హార్ట్’ అంటే మనసుకు పట్టించుకోవడం. ‘బై హార్ట్’ అంటే కంఠస్థం. మాస్టారు ఈ నాలుగైదు గుండెల్నీ బల్ల మీద గీసి, ఒకదానికి తోక, ఒకదానికి రెక్క తగిలించి, ‘‘వీటిలో ఏ గుండె ఎవరిదో చెప్పండి’’ అనేవారు. వెనక బెంచీలో ఒకడు తన గుండె ఏదో చెప్పడానికి ఇబ్బంది పడుతుంటే అమ్మాయిల వైపు నుంచి నవ్వులు. మాస్టారు అవేవీ విననట్టే ఉండేవారు.

‘ఫర్ గుడ్’ అన్నది ఇంకొకటి. దానిలో ‘గుడ్’ ఉంది కాబట్టి మంచి కోసమని అందరూ అనుకునేవారు. ఎవరో ఊరు విడిచి ‘ఫర్ గుడ్’ వెళ్లిపోయారంటే ఇక తిరిగి రారని. మంచికో చెడుకో ఆ మాట చెప్పదు. ‘ఫ్యూ’, ‘ఎ ఫ్యూ’, ‘క్వైట్ ఎ ఫ్యూ’ వరసైతే మాకు గారడీలా కనబడేది. మొదటిదానికి దాదాపు ఎవరూ లేరని అర్థం. ముందు ‘ఎ’ చేరిస్తే కొందరున్నారు. దాని ముందు ‘క్వైట్’ చేరిస్తే చాలామందే ఉన్నారు. కొద్దిమంది అనే మాట అలాగే ఉండగా సభ నిండిపోతుంది. దీన్ని ఎవరికైనా తర్కంతో వివరించి చెప్పగలిగితే వాళ్లకు దండం పెడతాను.

స్పెల్లింగు జంటల గురించి పెద్దగా చెప్పను. కదలకుండా ఉండే ‘స్టేషనరీ’కి, కాగితాలూ కలాలూ అనే ‘స్టేషనరీ’కి ఒక్క అక్షరం తేడా అని, ఉత్తరాల కవరు స్పెల్లింగు ఏ అక్షరంతో మొదలవుతుందో కాగితాల స్టేషనరీలో అదే ఉంటుందని గుర్తు చెప్పేవారు. ‘అడ్వైస్’ నామవాచకం, ‘అడ్వైజ్’ క్రియ. ఇవన్నీ ఇప్పుడు కంప్యూటర్ దిద్దిపెడుతుంది. కంప్యూటర్ ఇప్పటికీ తరచుగా బోల్తా కొట్టేది ఇంకొక రకం దగ్గర. స్పెల్లింగు తప్పు లేకుండా, చెవికి అదే ధ్వనితో, అర్థం మాత్రం పక్కదారి పట్టేవి.

‘ఆన్ టెంటర్‌హుక్స్’ వాటిలో ఒకటి. ఏమవుతుందోనన్న ఆత్రుతతో ప్రాణం ఉగ్గబట్టుకుని ఉండటం అని అర్థం. చాలామంది దాన్ని ‘టెండర్ హుక్స్’ అని రాస్తారు, సుతిమెత్తని కొక్కాలన్నట్టు. మెత్తదనం దానిలో ఏమీ లేదు. పూర్వం ఇంగ్లండులో ఉన్ని బట్టను నేసి, తొక్కి, కడిగిన తర్వాత అది ఆరుతూ కుంచించుకుపోకుండా ఆరుబయట పొడవాటి చెక్క చట్రాలకు బిగించేవారు. ఆ చట్రం పేరు ‘టెంటర్’. దాని అంచు పొడవునా వంగిన మేకులు ఉండేవి, బట్ట అంచుల్ని వాటికి గుచ్చి బిర్రుగా లాగేవారు. ఆ మేకులే టెంటర్‌హుక్స్. మాస్టారు ఇది చెప్పడానికి చేతిరుమాలు తీసి, ఇద్దరు పిల్లలను పిలిచి, నాలుగు మూలలూ పట్టించి లాగమన్నారు. రుమాలు సన్నగా కంపించేంత బిగువుగా లాగారు. ‘‘ఫలితాల రోజు ఉదయం మీ ప్రాణం ఇలా ఉంటుంది’’ అన్నారు. ఇక ఆ మాటను ఎవరం మర్చిపోలేదు, తప్పుగానూ రాయలేదు.

‘టో ద లైన్’ కూడా అంతే. గీత మీద కాలి వేళ్లు ఆనించి నిలబడటం, అంటే చెప్పినట్టు నడుచుకోవడం. లాగడం అనే అర్థం వచ్చే ఇంకో ‘టో’ రాసి, ఎవరో తాడు లాగుతున్నట్టు ఊహించుకునేవాళ్లు పత్రికల్లో కూడా ఉన్నారు. ‘ఫ్రీ రెయిన్’ గుర్రపు కళ్లెం వదులు చేయడం. దాన్ని రాజ్యపాలన ‘రెయిన్’తో రాసేవారిని నేను పూర్తిగా తప్పు పట్టలేను. కళ్లెం వదిలినా, రాజ్యం అప్పగించినా చివరికి జరిగేది ఒకటే కదా. ఇలా వినిపించినదాన్ని తనకు అర్థమయ్యే పద్ధతిలో సర్దుకోవడానికి ఇంగ్లీషులో ఇప్పుడు ఒక పేరు కూడా ఉంది: ‘ఎగ్‌కార్న్’. సింధూర వృక్షం కాయను ‘ఏకార్న్’ అంటారు. ఒకావిడ దాన్ని ‘ఎగ్ కార్న్’ అనుకుని అలాగే రాసేదట, కాయ గుడ్డు ఆకారంలోనే ఉంటుంది మరి. ఆ తప్పునే అలాంటి తప్పులన్నిటికీ పేరుగా పెడదామని 2003లో జెఫ్రీ పుల్లమ్ అనే భాషాశాస్త్రవేత్త సూచించాడు. ఈ సంగతి మాస్టారికి రాస్తే, ‘‘తప్పు చేసినవాళ్లకు సున్నా వేసే రోజులు పోయి పేరు పెట్టే రోజులు వచ్చాయి’’ అని జవాబు రాశారు.

అవును, బడి వదిలిన తర్వాత కూడా మా ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి, నడుస్తున్నాయి. క్షేమసమాచారాలు రెండు వాక్యాల్లో ముగుస్తాయి, మిగతా కాగితమంతా ఈ గొడవే.

ఆయన తరగతిలో చెప్పిన కథల్లో కొన్ని నిలబడలేదు. ‘బైట్ ద బుల్లెట్’ సంగతే చూడండి. మత్తుమందు లేని రోజుల్లో యుద్ధరంగంలో శస్త్రచికిత్స చేసేటప్పుడు సైనికుడి పళ్ల మధ్య తూటా పెట్టేవారని చెప్పారు. మేం కళ్లప్పగించి విన్నాం. తర్వాత కొన్నేళ్లకు ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన కూర్చిన వాడుకమాటల నిఘంటువు 1796 నాటి ముద్రణ నా కంటబడింది. అందులో తూటా ఉంది కానీ శస్త్రచికిత్స లేదు. కొరడా దెబ్బలు తినే సైనికుడు అరిస్తే అవమానమని, అరుపు రాకుండా తూటాను నములుతారని ఉంది. కథ వేరే అయినా పళ్లబిగువు మాత్రం అదే. మాస్టారికి ఆ భాగం నకలు రాసి పంపాను. ‘‘నా సైనికుడికి గాయమైనా మిగిలింది, నీ వాడికి వీపు చిట్లింది. ఏది మేలు?’’ అని అడిగారు.

అదే గ్రోస్ నిఘంటువు 1785 నాటి మొదటి ముద్రణలోనే ‘కిక్ ద బకెట్’ ఉంది, చనిపోవడమని అర్థం ఇచ్చి ఊరుకున్నాడు. ఉరి వేసుకునేవాడు బకెట్టు మీద నిలబడి దాన్ని తన్నేస్తాడన్న కథకు ఆధారం లేదు. ఇంగ్లండులో కొన్ని ప్రాంతాల మాండలికంలో దూలాన్ని కూడా బకెట్ అనేవారని, కోసిన పందిని కాళ్లు కట్టి దానికి వేలాడదీస్తే ఆఖరి కదలికల్లో కాళ్లు దానికి తగులుతాయని, అక్కడి నుంచి ఈ మాట వచ్చి ఉంటుందని నిఘంటుకారులు అంటారు. మనం ఈ మాటను ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని ‘బాల్చీ తన్నేశాడు’ అని నవ్వుకుంటున్నాం. దూలం మధ్యలో ఎక్కడో జారిపోయి మనకు బాల్చీ మిగిలింది.

‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ మీద మాకు జరిగినంత వాదన ఇంక దేని మీదా జరగలేదు. కుంభవృష్టి అని అందరికీ తెలుసు. కుక్కలూ పిల్లులూ ఎందుకన్నదే ప్రశ్న. 1999లో ఒక ఈమెయిల్ ప్రపంచమంతా తిరిగింది. 1500ల నాటి జీవితం గురించి అని చెప్పుకుంటూ, అనేక జాతీయాలకు పుట్టుక కథలు చెప్పింది. ఆ రోజుల్లో ఇళ్లకు గడ్డి కప్పులు ఉండేవని, చలికి కుక్కలు, పిల్లులు కప్పు మీదికి ఎక్కి పడుకునేవని, వాన పడితే గడ్డి తడిసి జారి కింద పడేవని, అందుకే ఈ మాట వచ్చిందని. మిత్రుడొకడు దాన్ని అచ్చు తీసి నాకిచ్చాడు, నేను మాస్టారికి పంపాను. ఆయన జవాబు మూడు ముక్కలు: ‘‘కుక్క కప్పు ఎక్కుతుందా? ఎక్కినా, జంతువు వానలో తడిసే చోట పడుకుంటుందా? పడినా, దాన్ని వాన అంటామా?’’

ఆ ఈమెయిల్‌లో ఉన్నవి చాలావరకు కట్టుకథలే. ‘సేవ్డ్ బై ద బెల్’ అంటే పొరపాటున బతికుండగానే పూడ్చిపెట్టిన మనిషి సమాధిలోంచి గంట మోగించడం అని చెప్పింది. నిజానికి అది బాక్సింగు మాట. దెబ్బ తిని పడబోయేవాడిని రౌండు ముగింపు గంట కాపాడుతుంది. ‘డెడ్ రింగర్’ గుర్రప్పందేల నుంచి వచ్చింది. ఒక గుర్రం బదులు అచ్చం అలాగే ఉన్న ఇంకో గుర్రాన్ని దొంగతనంగా దింపితే దాన్ని రింగర్ అనేవారు. ఇక కుక్కలూ పిల్లుల మాటకు వస్తే, దాని పుట్టుక ఎవరూ తేల్చలేదు. 1650లలో అచ్చయిన రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కుక్కలతో పాటు పిల్లికి బదులు పోల్‌క్యాట్ అనే కంపుకొట్టే ముంగిస లాంటి జంతువు కురిసింది. 1738లో జోనథన్ స్విఫ్ట్ రాతలో ఇప్పటి రూపం కనబడుతుంది. అంతకు మించి చెప్పేవాళ్లందరూ కప్పు మీద కుక్కను ఎక్కిస్తున్నట్టే లెక్క.

షేక్‌స్పియర్ దగ్గరికి వస్తే ఆధారాల బెడద తక్కువ. మాటలు కళ్లెదుటే ఉంటాయి. ఎవరైనా అర్థం కాని విషయం చెబితే ‘ఇట్స్ గ్రీక్ టు మి’ అంటారు కదా, జూలియస్ సీజర్ నాటకంలో కాస్కా అన్న మాట అది. అక్కడ చమత్కారం ఏమిటంటే సిసిరో నిజంగానే గ్రీకులో మాట్లాడాడు. ‘ఎట్ వన్ ఫెల్ స్వూప్’ మాక్‌బెత్‌లోది. ఒక్క వేటుతో అని ఇప్పుడు ఉత్సాహంగా వాడుతున్నాం: ఒక్క వేటుతో ఇల్లంతా సర్దేశాను, ఒక్క వేటుతో అప్పులన్నీ తీర్చేశాను. నాటకంలో మాక్‌డఫ్‌కు భార్యనూ పిల్లలనూ చంపేశారన్న వార్త వస్తుంది. అతను నమ్మలేక అందరినీనా, అందరినీనా అని అడుగుతాడు. నరకపు గద్ద ఒకటి తల్లినీ పిల్లలనూ ఒకే తన్నుకులో ఎత్తుకుపోయిందని వాపోతాడు. ‘ఫెల్’ అంటే పడటం కాదు, క్రూరమైన అని. ఆ అర్థం ఇప్పుడు ఈ ఒక్క జాతీయంలోనే బతికి ఉందని చెప్పవచ్చు. మాస్టారు ఈ భాగం పాఠంగా చెప్పిన రోజున ఎవరితోనూ వేలు ఆట ఆడించలేదు. ఆ తర్వాత చాలాకాలం నాకు ఇల్లు సర్దడానికి ఆ మాట వాడబుద్ధి కాలేదు. ఇప్పుడు మామూలుగానే వాడుతున్నాను.

మాస్టారి నోటుపుస్తకం చివరి పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురుగా పెట్టిన పట్టిక ఉండేది. దానికి ఆయన పెట్టిన పేరు ‘దొంగ చుట్టాలు’. తెలుగులో ‘వాడు నాకు చేయిచ్చాడు’ అంటే నమ్మించి ముంచాడని. ఇంగ్లీషులో చేయి ఇవ్వడమంటే సాయం చేయడం. ‘చేయి చేసుకున్నాడు’ అంటే కొట్టాడని ఇంగ్లీషువాడికి ఎన్ని జన్మలెత్తినా తట్టదు. తల సంగతి ఇంకా తమాషా. మనకు పాఠం తలకెక్కితే అర్థమైనట్టు. వాళ్లకు పాఠం తల మీదుగా పోతే అర్థం కానట్టు. పదవి తలకెక్కితే మాత్రం రెండు భాషల్లోనూ పొగరే. ‘కాలు లాగడం’ మన దగ్గర ఎదగకుండా చేయడం, వాళ్ల దగ్గర ఊరికే ఆటపట్టించడం. ఈ పట్టిక చదివినవాళ్లు మాటకు మాట అనువాదం చేయడానికి కొంచెం జంకుతారు. ఈ రోజుల్లో కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయని తెలుగులో రాసేవాళ్లను చూస్తే ఆ పట్టిక అచ్చు వేయించి పంచాలనిపిస్తుంది. మనకు గుండెలు పీచుపీచుమంటాయి, కాళ్లూ చేతులూ ఆడవు, గుటకలు పడవు. ఇన్ని ఉండగా సీతాకోకచిలుకలు దేనికి?

అలాగని అరువు అంతా చెడ్డదని కాదు. ‘సింహభాగం’ తెలుగు పత్రికల్లో ఎంత చక్కగా ఇమిడిపోయిందో చూడండి. ఇంగ్లీషు ‘లయన్స్ షేర్’ నుంచే వచ్చింది. ఇప్పుడు మనమూ వాళ్లూ పెద్ద వాటా అనే అర్థంలో వాడుతున్నాం. ఈసప్ కథలో సింహం పెద్ద వాటాతో సరిపెట్టుకోలేదు, వేట మొత్తం తానే ఉంచుకుంది. మాస్టారు దీని మీద కూడా వాదిస్తారనుకున్నాను. ఎందుకో ఊరుకున్నారు.

ఇంగ్లీషువాళ్లలో వాళ్లకే ఒకరి మాట ఒకరికి తిరగబడుతుందని తెలిసిన రోజున మాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు. సభలో ఒక విషయాన్ని ‘టేబుల్’ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం. అమెరికాలో చర్చ ఆపి పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఒక పత్రాన్ని అత్యవసరంగా చర్చించాలని బ్రిటిష్ అధికారులు ‘టేబుల్’ చేద్దామన్నారు. అమెరికన్లు అంత ముఖ్యమైనదాన్ని పక్కన పెట్టడం కుదరదన్నారు. చాలాసేపు వాదన జరిగిన తర్వాత ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని తేలిందని చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాశాడు. ‘‘మహాయుద్ధం నడిపేవాళ్లకే ఈ గతి పట్టింది, మనదేముంది, కానివ్వండి’’ అనేవారు మాస్టారు. పరాయి భాషగా ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం హార్న్‌బీ కూర్చిన నిఘంటువు కూడా అదే యుద్ధం మధ్యలో, 1942లో, జపాన్‌లో మొదట అచ్చయిందని ఆయనే చెప్పారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని 1948లో తమ పేరున తెచ్చారు. మా తరగతిలో అట్ట ఊడిన ప్రతి ఒకటి ఉండేది. జాతీయాల కోసం దాన్ని తిప్పి తిప్పి కొన్ని పేజీల అంచులు నల్లబడిపోయాయి.

ఇప్పుడు మా అసలు తగవు. ‘బెగ్ ద క్వశ్చన్’. పత్రికల్లో, టీవీల్లో దీన్ని ‘ఇది ఒక ప్రశ్నను లేవనెత్తుతోంది’ అనే అర్థంలో వాడుతున్నారు. మాస్టారి దృష్టిలో ఇది మహాపరాధం. అది తర్కశాస్త్రానికి చెందిన మాట. రుజువు చేయవలసిన దాన్నే ఆధారంగా తీసుకుని వాదించడం. ‘అతను అబద్ధం ఆడడు, ఎందుకంటే ఆ మాట అతనే చెప్పాడు’ అన్నట్టు. అరిస్టాటిల్ చెప్పిన దోషం లాటిన్‌లోకి, అక్కడి నుంచి 1500లలో ఇంగ్లీషులోకి వచ్చేసరికి అనువాదం కాస్త వంకర పోయి, ప్రశ్న, అడుక్కోవడం అనే మాటలు మిగిలాయి. వాటిని చూసి జనం ఇప్పటి అర్థం అల్లుకున్నారు.

నేను ఆయన పాఠమే ఆయనకు అప్పజెప్పాను. జాతీయానికి అర్థం మాటల్లో ఉండదు, ఎవరు ఎప్పుడు అంటారన్న దానిలో ఉంటుందని కదా మీరు చెప్పారు? లోకమంతా ప్రశ్న లేవనెత్తడానికి వాడుతుంటే అర్థం అదే. ‘బ్లూ మూన్’ని చూడండి. ఒక నెలలో వచ్చే రెండో పౌర్ణమి అని ఇప్పుడందరూ చెబుతున్నారు. 1946లో ఒక అమెరికన్ ఖగోళ పత్రికలో జేమ్స్ ప్రూయెట్ అనే ఆయన పాత పంచాంగాన్ని పొరపాటుగా అర్థం చేసుకుని రాసిన మాట అది. ఆ పంచాంగంలో లెక్క ఋతువుకు సంబంధించినది, నాలుగు పౌర్ణములు వచ్చిన ఋతువులో మూడోది. పత్రిక తానే 1999లో ఆ పొరపాటును ఒప్పుకుంది. ఎవరైనా మానారా? ఇలా రెండు పేజీలు రాశాను.

జవాబుగా ఒక కవరు వచ్చింది. ఉత్తరం లేదు. వార్తాపత్రికల నుంచి కత్తిరించిన ముక్కలు ఉన్నాయి. ప్రతి దానిలో ‘బెగ్స్’ అన్న చోట ఎర్ర సిరాతో కొట్టేసి ‘రెయిజెస్’ అని రాసి ఉంది, పరీక్ష పేపరు దిద్దినట్టు. నేను ఆయన పాత ఉత్తరాలన్నీ తీసి వెతికాను. ఒకదానిలో ఎన్నికల ఫలితం గురించి ఆయన రాసిన వాక్యం దొరికింది: ముందే తేలిపోయిన వ్యవహారమని చెప్పడానికి ‘ఫోర్‌గాన్ కంక్లూజన్’ అని వాడారు. షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లోలో ఆ మాటకు అర్థం అది కాదు, అప్పటికే జరిగిపోయిన ఒక పని అని. ఆ పేజీ నకలు తీసి, ఆ మాట కింద ఎర్ర గీత గీసి పంపాను.

ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మొన్నటి దానిలో ‘డిసింటరెస్టెడ్’ అంటే ఆసక్తి లేకపోవడం కాదని, పక్షపాతం లేకపోవడమని ఒక పేజీ నిండా రాశారు. ఎర్ర గీత విషయం మాత్రం ఎత్తలేదు.